నల్ల పోగు

జూలై 9, 2008

బుడ్డప్పా,

ఈరోజు నీ సెల్లు మోగింది. నువ్వు పోయి ఇరవై రోజులు. ఈ ఇరవై రోజులూ దానికి ఛార్జింగ్ పెడుతూనే ఉన్నాను. ఎందుకని మీ నాయన అడగలేదు, నేనూ చెప్పలేదు. అది మోగేసరికి చేతిలో ఉన్న పట్టుదారం కండె జారి మగ్గం గుంతలో పడింది. నువ్వే చేస్తున్నావనుకున్నాను. నీ ఫోనుకు నువ్వే ఎట్లా చేస్తావు. అయినా అనుకున్నాను.

“హరినాథ్ ఉండాడా?” అన్నాడొకడు.

“లేడప్పా.”

“యాడికి పోయినాడు?”

లారీ కొట్టిందని చెప్పడానికి నోరు రాలేదు. “పోయినాడు” అన్నాను.

“దాక్కుంటే వదిలేస్తామా? కంప్యూటర్లో చీర అమ్మి మోసం చేసినాడు నీ కొడుకు, దొంగ నా కొడుకు. ఇరవై ఒక్క వేల నాలుగు వందలు. ఈ వారంలో కట్టకపోతే ఇంటి మీదికొస్తాం. నిన్ను బజార్లో నిలబెడ్తాం. ఇనపడ్తాందా ముసల్దానా?”

వినపడింది.

నువ్వు ఆ చీర అమ్మింది ఏడు వేల ఎనిమిది వందలకు. అది ఇరవై ఒక్క వేలు ఎట్లా అయిందో నాకు తెలియదు. ఇరవై నాలుగేళ్లలో నిన్ను దొంగ అన్నవాడు ఒక్కడు లేడు. ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు చెవి దగ్గరే పట్టుకుని కూర్చున్నాను.

ఈ నోటు పుస్తకం నీ బ్యాగులో దొరికింది. మొదటి నాలుగు పేజీల్లో నీ రాత ఉంది. వాటిని ముట్టుకోకుండా ఐదో పేజీ నుంచి రాస్తున్నాను. ఐదో తరగతితో ఆగిన చదువు నాది. తప్పులుంటే నవ్వుకో.

జూలై 10

ఫోను ఆపేశాను. గంట కాకముందే మళ్లీ పెట్టాను.

జూలై 13

నేను ఎత్తడం లేదని పక్కింటి విశ్వాసమ్మ అంగట్లో కాయిన్ బాక్సుకు చేశారు. ఆ నంబరు కూడా నువ్వే ఇచ్చి ఉంటావు. ఆమె నన్ను కేకేసి పిలిచింది. నేను పోయేసరికే మాటలు నడుస్తున్నాయి. ఆమె నోరు నీకు తెలిసిందే.

“చచ్చిపోయినాడప్పా ఆ పిల్లోడు. ఆదోని రోడ్డులో లారీ గుద్దింది. మేమే మట్టి చేసినాం. ఇంగేం కావాల నీకు?”

అవతలివాడు అంత గట్టిగా మాట్లాడుతున్నాడు, నాకు కూడా వినిపిస్తోంది. “అందరూ అట్లే చెప్తారు. ఈ నెలలో నువ్వు నాలుగోదానివి. సచ్చినట్టు కాగితం ఉండాదా?”

“నీకు పుట్టినట్టు కాగితం ఉండాదా? ఎవరికి పుట్టినావో దాంట్లో రాసిండారా లేదా?” అని విశ్వాసమ్మ టక్కున పెట్టేసింది.

నాకు నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వాం. నువ్వు పోయాక అదే మొదటిసారి. వెంటనే కొంగుతో నోరు మూసుకున్నాను. ఎవరైనా చూశారేమోనని వీధి వైపు చూశాను.

“చచ్చిపోయినోనికి ఫోన్లేంది గంగక్కా, వీళ్ల మొగాలు మండ” అని విశ్వాసమ్మ తిడుతూనే ఉంది. నేను ఇంటికి వచ్చేశాను.

జూలై 17

వచ్చారు.

మోటారు సైకిల్ మీద ఇద్దరు. పెద్దవాడి పేరు ఓబన్న. ఆదోని మనిషే. నువ్వు చీర పెట్టిన కంప్యూటర్ కంపెనీవాళ్ల తరఫున వసూళ్లకు తిరుగుతాడట. రెండోవాడు ఏమీ మాట్లాడలేదు. చెప్పు కాలు మన గడప మీద పెట్టి నిలబడ్డాడు, అంతే.

ఓబన్న నా వైపు చూడలేదు. వీధి వైపు తిరిగి అన్నాడు.

“ఏమప్పా, ఈ ఇంట్లో చీరలు కొనేటోళ్లు ఎవరన్నా ఉంటే చూసుకుని కొనండి. పట్టుచీరలో నల్ల పోగు పెట్టి అంటగట్టే ఇల్లు ఇది. అదీ పెండ్లి చీరలో. కొన్నోళ్లు వెనక్కి పంపితే పార్సిల్ కూడా తీసుకోని మొగోడు ఉండాడు లోపల. రమ్మనండి చూద్దాం.”

నేను లోపలికి పోయి నీ ఫోటో తెచ్చాను. దండతో సహా తెచ్చి అతని ముందు పెట్టాను. ఇప్పుడు నమ్ముతాడు అనుకున్నాను. తల దించుకుని పోతాడు అనుకున్నాను.

ఓబన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఫోటోకు దండ ఎవరైనా వేస్తారు పెద్దమ్మా. నా ఫోటోకు వెయ్యాలని మా ఆడది రోజూ చూస్తాంటాది.”

రెండోవాడు అప్పుడు నవ్వాడు. వీధిలో కూడా ఎవరో నవ్వారు. ఎవరో చూడలేదు నేను.

మీ నాయన మగ్గం గుంతలోంచి లేవలేదు. లోపల మగ్గం ఆడుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది. వాళ్లు పోయాక చూస్తే ఒక్క వేలెడు కూడా నేయలేదు.

జూలై 18

నల్ల పోగు అంట. మన చీరలో నల్ల పోగు ఎందుకుంటుంది.

జూలై 21

నీ బ్యాగులో కాగితాలన్నీ తీసి విశ్వాసమ్మకు ఇచ్చాను. అంగన్‌వాడీలో పనిచేసింది కదా, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతుంది. నేను రాట్నం ముందు కూర్చుని విన్నాను.

కొన్నది వేంపల్లె షావుకార్లు. వేణుగోపాల్ అని పేరుంది. చెల్లెలు శ్రీవాసవి నిశ్చితార్థానికి కొన్నాడట. బెంగళూరు, మద్రాసు అనుకున్నాను ఇన్నాళ్లూ. మన పక్కనున్న కడప జిల్లానే. ఫిబ్రవరిలో వాళ్లు కంపెనీకి రాశారు, చీర అంచులో నల్ల పోగు ఉంది, మా డబ్బు మాకివ్వండి అని. నువ్వు రాశావు, మా చీరలో అట్లాంటిది లేదు, ఫోటో చూసుకోండి, మీరే కుట్టి నాటకమాడుతున్నారు అని. వాళ్లు రాశారు. నువ్వు రాశావు. కంపెనీ ఆ షావుకార్లకు డబ్బిచ్చేసి నిన్ను కట్టమంది. నువ్వు కట్టనన్నావు. ఏడు కాగితాలు రాశావు బుడ్డప్పా. ఒక్కో దాంట్లో కోపం ఎక్కువవుతూ వచ్చిందని విశ్వాసమ్మ చెప్పింది.

వాళ్లు పంపిన ఫోటో కూడా ఉంది. అంచు దగ్గరగా తీసింది. జానెడు పొడవున నల్ల పోగు.

“ఎంత సన్నంగా కుట్టినారో చూడు గంగక్కా, ఇది చెయ్యి తిరిగినోళ్ల పని” అంది విశ్వాసమ్మ.

నేను కండె మార్చుకున్నాను.

ఆ ఫోటో వచ్చిన రోజు నువ్వు నన్ను అడిగావు. “అమా, చీర మడిచింది నువ్వే కదా, ఇట్లాంటిది ఏమన్నా చూసినావా?” నాకు తెలియదన్నాను. తెలియదు కాబట్టి తెలియదన్నాను.

జూలై 24

ఓబన్న మళ్లీ వచ్చాడు. ఈసారి మీ నాయన బయటకు వచ్చాడు.

“లింగన్నా, నాకు నీ మీద కోపం లేదు. దుడ్లు పారెయ్, నేను పోతా. లేదంటే నీ కొడుకు ఫోటో స్టేషన్ కాడ అంటిస్తా. మోసగాడని రాసి అంటిస్తా. కంపెనీ రూలు.”

“పైసా కట్టను” అన్నాడు మీ నాయన. “కడితే మావోడు తప్పు చేసినట్టు. చచ్చినోడొచ్చి జవాబు చెప్పుకోలేడు. వాని తరఫున నేను ఒప్పుకోను.”

నువ్వు పోయాక మీ నాయన ఇన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. నాకు లోపలికి పోవాలనిపించింది. కానీ అక్కడే నిలబడ్డాను. మీ నాయన ఒకసారి నా వైపు చూశాడు. ఎందుకు చూశాడో.

జూలై 28

తెల్లవారగానే విశ్వాసమ్మ తలుపు కొట్టింది. “గంగక్కా, స్టేషన్ రోడ్డులో స్తంభానికి... నువ్వు రావద్దులే, నేను చించేసి వస్తా” అంది. అప్పటికే నేను చెప్పులు లేకుండా బయటపడ్డాను.

నీ ఫోటో. డిగ్రీ హాల్ టికెట్‌కు తీయించుకున్నది. పెద్దగా జిరాక్సు తీశారు. కండ్లు రెండు నల్ల మచ్చలయ్యాయి. పైన “మోసగాడు” అని పెద్ద అక్షరాలు. కింద ఏదో నంబరు, కనబడితే చెప్పమని. నువ్వు కనబడితే చెప్పమని రాశారు.

ఒక చోట కాదు, మూడు స్తంభాలకు. మైదా పిండితో అంటించారు. పైట కొంగు తడిపి రుద్దాను. ముఖం సగం వచ్చింది, సగం రాలేదు. గోళ్లతో గీకాను. బెంగళూరు రైలుకు పోయే కూలి జనం మూటలతో పోతున్నారు. ఒక ముసలాయన ఆగి చూశాడు.

“ఎవరమ్మా ఈ పిల్లోడు? నీకేమైతాడు?”

“తెలియదు” అన్నాను.

బుడ్డప్పా, నీ ముఖం నా చేతిలో ముక్కలుగా ఉంది. తెలియదన్నాను.

ఇప్పుడు రాస్తాను. ఈ పుస్తకంలో ఇన్ని రోజులూ రాయకుండా తప్పించుకున్నది రాస్తాను.

నల్ల పోగు నేనే పెట్టాను.

జనవరిలో నువ్వు నన్ను ఆదోని నెట్ షాపుకు తీసుకుపోయావు, గుర్తుందా. ఆ టీవీలాంటిదాంట్లో మన చీర కనబడింది. నెమలి కంఠం రంగు, ఎర్ర అంచు. నువ్వు కింద వేలుపెట్టి చూపించావు. “అమా, ఈ అంకె చూడు. ఇప్పటికి వెయ్యిన్ని నూట నలభై మంది చూసినారు మన చీరను.” నీ ముఖం వెలిగిపోతోంది. వెయ్యి మంది. ఎవరెవరో, ఏ కండ్లతో చూశారో. మర్నాడు వచ్చి చెప్పావు, అమ్ముడుపోయింది, ఎవరో పెండ్లికూతురికట అని.

మన ఇంట్లో ఆడపిల్లకు పెట్టే చీర అంచులో లోపలి వైపు ఒక నల్ల పోగు దూరుస్తాం. మీ అవ్వ నాకు నేర్పింది. ఎవరూ చూడకుండా సూదితో దూర్చాలి, చెప్పకూడదు. దిష్టి తగలదు. షావుకారుకు నేసే చీరకు పెట్టం, మన పిల్లలకు పెట్టే చీరకే. మీ అక్క లక్ష్మీదుర్గ పెండ్లి చీరకు పెట్టాను. దానికి ఇప్పటికీ తెలియదు. వెయ్యి మంది కండ్లు పడ్డ చీర, ముక్కూ ముఖం తెలియని పిల్ల కట్టుకోబోతోంది. ఆ పిల్ల మీద జాలేసింది. మడత పెట్టేటప్పుడు పెట్టాను.

నువ్వు అడిగిన రోజు నీ ముఖం ఎర్రగా ఉంది. అప్పటికే వాళ్లను దొంగలని రాసేశానని చెప్పావు. భయమేసింది. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు ఇంకో కాగితం రాశావు. తర్వాత ఇంకొకటి. ఇంక చెప్పడానికి వీల్లేకుండా పోయింది.

జూన్ పందొమ్మిదిన ఆదోని పోయింది కూడా ఆ కంపెనీవాళ్లకు జవాబు రాయడానికే.

ఆగస్టు 1

మీ నాయనకు చెప్పలేదు. మీ అక్క దగ్గరికి ఎమ్మిగనూరు పోతున్నానని చెప్పాను. ఇంకో అబద్ధం. చీటీ ఎత్తిన ఎనిమిది వేలు రవికెలో పెట్టుకున్నాను. కాగితం మీద ఉన్న వేంపల్లె అడ్రసు విశ్వాసమ్మ తెలుగులో రాసిచ్చింది. ఎందుకని అడిగింది. వచ్చాక చెబుతానన్నాను.

ఆగస్టు 2

నిన్న పొద్దున కోసిగి నుంచి ఆదోని పోయి బస్సెక్కి, గుంతకల్లులో మారి, తాడిపత్రిలో మారి, పులివెందులలో మారి వేంపల్లె చేరేసరికి మూడు దాటింది. వాళ్లది పప్పు దినుసుల అంగడి. గల్లాపెట్టె దగ్గర ఒకామె కూర్చుంది, నాకంటే నాలుగేళ్లు పెద్దది. పేరు సుబ్బరత్నమ్మ. ఆ పెండ్లికూతురు తల్లి.

“ఏం కావాలమ్మా?”

“కోసిగి నుంచి వచ్చినాను తల్లీ. మీరు కంప్యూటర్లో పట్టుచీర కొన్నారే, ఆ హరినాథ్ తల్లిని.”

ఆమె చేతిలో ఉన్న చిల్లరను పెట్టెలో పడేసింది. “ఓహో. ఇన్నాళ్లకు గుర్తొచ్చినామా? మీవాడు మమ్మల్ని ఏమన్నాడో తెలుసునా నీకు? మేమే నల్ల పోగు కుట్టుకుని డబ్బు వెనక్కి లాగుతాండామంట. మూడు తరాల అంగడి మాది. ఒకరి చేత మాట పడలేదు. మీవాడు దొంగలన్నాడు.”

“తల్లీ, ఆ పోగు నేను పెట్టినాను. వానికి తెలియదు.”

ఎందుకు పెట్టానో చెప్పాను. వెయ్యి మంది చూశారని చెప్పాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

“దిష్టికా? మగపెండ్లివారి ముందర తట్టలో పెట్టి విప్పినామమ్మా ఆ చీరను. పెండ్లికొడుకు మేనత్త వేలు పెట్టి చూపించింది, ఇదేంది వదినా నలుపు అని. నలభై మంది ఉండారు. మా బిడ్డ లేచి లోపలికి పోయి తలుపేసుకుంది. ఏదో చేయించినారని వాళ్లు, మాకేం తెలియదని మేము. ముహూర్తం రెండు నెలలు ఆగిపోయింది. నీ దిష్టి పోగు అంత పని చేసింది.”

ఆ పిల్లకు మంచి జరగాలని పెట్టాను. అదే పోగు ఆమె పెండ్లిని ఆపిందని ఇన్నాళ్లూ నాకు తెలియదు. అక్కడే బస్తా మీద కూర్చున్నాను.

“పెండ్లి అయిందా తల్లీ?”

“అయింది. మేలో. బాగానే ఉండారు.” తర్వాత అడిగింది, “మీవాడు రాకుండా నువ్వొచ్చినావేం? మొగం చెల్లలేదా ఆయప్పకు?”

“లేడు తల్లీ. జూన్‌లో పోయినాడు. లారీ.”

సుబ్బరత్నమ్మ గల్లాపెట్టె వదిలేసి లేచి వచ్చింది. అంగట్లో బేరాలకు వచ్చినవాళ్లు అట్లాగే నిలబడ్డారు. నేను మిగిలినది కూడా చెప్పాను. ఓబన్న, స్తంభాలు, జిరాక్సు.

“మేమెవర్నీ పంపలేదమ్మా. మా డబ్బు మార్చిలోనే ముట్టింది. మీ ఇంటి మీదికి మనుషులు పోతాండారని మాకు తెల్దు.” ఇదే మాట నాలుగుసార్లు అంది.

ఆమె కొడుకు వేణుగోపాల్ వచ్చాడు. నీకంటే రెండేళ్లు పెద్ద ఉంటాడేమో. అంతా విని, నువ్వు రాసినవాటికి తను కూడా చెడ్డ మాటలు రాశానని చెప్పాడు. కంపెనీకి ఫోను చేశాడు. ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో అరిచాడు. “మా తగాదా తీరింది. అసలు సొమ్ము ఏడు వేల ఎనిమిది వందలు కడతాండారు. దాని మీద ఒక్క రూపాయి అడిగినా, ఆ ఇంటికి మనిషిని పంపినా మా వకీలు మాట్లాడతాడు.” నా దగ్గర డబ్బు తీసుకుని ఈరోజు పొద్దున బ్యాంకులో కంపెనీ పేరు మీద డీడీ తీశాడు. నిన్న రాత్రి వాళ్లింట్లోనే పడుకోబెట్టుకున్నారు నన్ను. ఒక కాగితం కూడా రాసిచ్చాడు. అమ్మినవాడు మోసం చేయలేదు, తెలియక జరిగింది, మాకు ఏ ఫిర్యాదూ లేదు అని. సుబ్బరత్నమ్మ దాని కింద తెలుగులో సంతకం పెట్టింది.

ఈ కాగితం కోసమే నువ్వు ఐదు నెలలు కొట్లాడావు. నేను నోరు తెరిస్తే ఒక్క రోజులో వచ్చింది.

ఆగస్టు 6

ఓబన్న వచ్చాడు. డీడీ జిరాక్సు చూపించాను. కాగితం చూపించాను. చదివాడు.

“ఇది అసలు. మా తిరుగుడు ఖర్చో? పదమూడు వేల ఆరు వందలు ఇంకా ఉండాది.”

“వేంపల్లె షావుకారు నంబరు దాంట్లో ఉండాది, ఆయప్పను అడుగు” అన్నాను.

వీధిలో పదిమంది చేరారు. అతను వాళ్లకు వినపడేటట్టే అన్నాడు, “ఏమప్పా, ఇన్నారా? పోగు పెట్టింది నిజమేనంట. అంటే వీళ్ల కొడుకు అబద్ధమాడలేదు, ఈ పెద్దమ్మ ఆడింది. మోసగాడు కాదు, మోసగత్తె.”

“అవునప్పా” అన్నాను. “నేనే పెట్టినాను. నా కొడుకు అడిగితే తెలియదన్నాను. వాడు నా మాట నమ్మి కొట్లాడినాడు. ఇప్పుడు ఆ స్తంభాలకు నా ఫోటో అంటించు. మూడింటికీ అంటించు. పేరు రాసుకో, గంగాదేవి. లింగన్న పెండ్లాం.”

ఓబన్న కాగితాన్ని మడతల మీదనే మడిచి నాకిచ్చాడు. బండి దగ్గరికి పోయి, మళ్లీ వెనక్కి వచ్చి మెల్లగా అడిగాడు.

“నిజంగానే చచ్చిపోయినాడా పెద్దమ్మా?”

ఇన్ని రోజులుగా అతను నమ్మలేదు బుడ్డప్పా. నిజంగానే నమ్మలేదు. నేను తలూపాను. అతను బండి స్టార్ట్ చేయకుండా వీధి చివరిదాకా తోసుకుంటూ పోయాడు.

లోపలికి వచ్చాను. మగ్గం ఆగిపోయి ఉంది. మీ నాయన అంతా విన్నాడు. తిడతాడని నిలబడ్డాను.

“వాడు నిన్ను అడిగినప్పుడు నేను ఈ గుంతలోనే ఉన్నా” అన్నాడు. “నీ మొగం చూసినా. మా అమ్మ పెట్టేది ఆ పోగు. నాకు తెలీకుండా ఉంటాదా?”

“మరి చెప్పలేదేం?”

“నువ్వు చెప్తావనుకున్నా.”

మీ నాయన గుంతలోంచి లేవలేదు. చీకటి పడేదాకా ఇద్దరం అట్లాగే ఉన్నాం.

ఆగస్టు 7

నీకు ఇద్దరం తెలియదన్నాం.

ఆగస్టు 19

ఈరోజుకు నువ్వు పోయి రెండు నెలలు. మీ నాయన తెల్లవారక ముందే లేచి పోయి విస్తరాకులు తెచ్చాడు. మీ అక్క నిన్ననే వచ్చింది. జొన్నరొట్టెలు, గుత్తివంకాయ, శనక్కాయల కారం, ఓళిగలు చేశాం. మీ నాయన తన చేత్తో వడ్డించాడు. ఎప్పుడూ వడ్డించి ఎరగడు, నెయ్యి ఆకు బయట పోశాడు. ఫోటో ముందు ఆకు పెట్టి, తలుపు దగ్గరికి వేసి, ముగ్గురం బయట అరుగు మీద కూర్చున్నాం. నేను ఇది రాస్తున్నాను. మీ నాయన అటు తిరిగి కూర్చున్నాడు.

వీధిలో ఇప్పుడు నిన్ను ఎవరూ ఏమీ అనడం లేదు. నన్ను అంటున్నారు, అననీ. నీ సెల్లు మోగడం లేదు. లోపలికి ఎవరూ రారు. తొందరేమీ లేదు నాయనా, నెమ్మదిగా కూర్చుని కడుపు నిండా తిను.